తళతళల వెనుక ఓ లెక్కుంది!

టోక్యో స్టేషన్. బుల్లెట్ రైలు రావడానికి ఇంకా కొద్ది నిమిషాలుంది. యూనిఫాం వేసుకున్న ఆడవాళ్లూ మగవాళ్లూ ప్లాట్‌ఫామ్ మీదికి వరసగా వచ్చి నిలబడ్డారు. ఏ బోగీ తలుపు ఎక్కడ ఆగుతుందో వాళ్లకు తెలుసు. సరిగ్గా అక్కడే నిలబడ్డారు. రైలు వస్తుంటే తలవంచి నమస్కరించారు. దిగుతున్నవారి చేతుల్లోని చెత్తను సంచి పట్టి అందుకున్నారు. చివరి ప్రయాణికుడు దిగాడో లేదో... లోపలికి నడిచారు.

రైలు అక్కడ ఆగేది 12 నిమిషాలు. దిగడానికి 2, ఎక్కడానికి 3 పోతే మిగిలేవి 7. ఆ ఏడు నిమిషాల్లోనే చెత్త ఏరాలి. సీట్ల కిందా, సామాన్ల అరల్లో ఎవరైనా ఏమైనా మరిచిపోయారేమో చూడాలి. రైలు వెళ్లబోయే వైపునకు సీట్లన్నీ తిప్పాలి. బల్లలు తుడవాలి. మాసిన తల గుడ్డలు మార్చాలి. నేల ఊడ్చాలి. మామూలు బోగీలో దాదాపు 100 సీట్లుంటాయి. దానికి ఒక్కరే! పని పూర్తయ్యాక కిందికి దిగి, మళ్లీ వరసగా నిలబడి, ఎక్కబోయేవారికి నమస్కరించి వెళ్లిపోతారు.

జపాన్ తూర్పు రైల్వేకు చెందిన టెస్సెయ్ అనే సంస్థ సిబ్బంది వీళ్లు. 'ఏడు నిమిషాల అద్భుతం' అని ప్రపంచమంతా చెప్పుకుంటుంది. హార్వర్డ్ బిజినెస్ స్కూల్ దీన్ని పాఠంగా చెబుతుంది.

అయితే ఈ పాఠాన్ని తప్పుగా నేర్చుకునే ప్రమాదం కూడా ఉంది. 'వాళ్లు ఏడు నిమిషాల్లో రైలు తుడిచేస్తుంటే, మీకు ఒక్క అంతస్తుకు గంట ఎందుకు?' అని ఏ కాంట్రాక్టరైనా అడిగాడంటే, అతను ఆ రైలును సగమే చూశాడన్నమాట.

పరుగు కాదు, పద్ధతి

చూడనిది ఏమిటంటే... ఆ ఏడు నిమిషాలకు ముందు జరిగిన పని. ఎవరికి ఏ బోగీ అన్నది ముందే తేలిపోయింది. కావలసిన సరంజామా సంచిలో సర్ది ఉంది. ఏది ముందు, ఏది తర్వాత అన్నది చేతులకు అలవాటైపోయింది. మరుగుదొడ్ల పని వేరేవాళ్లది. సీట్లు తుడిచే మనిషి ఆ పనికీ ఈ పనికీ మధ్య పరుగెత్తక్కర్లేదు. రైలును పూర్తిగా కడగడం లాంటి బరువు పనులన్నీ డిపోలో, తీరిగ్గా జరుగుతాయి. ఆ ఏడు నిమిషాల్లోకి వాటిని కుక్కరు.

అంటే అక్కడ వేగం పరుగు వల్ల రాలేదు. అనవసరమైన అడుగులు తీసేయడం వల్ల వచ్చింది. ఆఫీసులు, ఆస్పత్రులు, షాపింగ్ మాల్స్... ఎక్కడ శుభ్రం చేసే బృందానికైనా ఇదే మొదటి సూత్రం. దీన్ని మరిచి, పరుగు ఒక్కటే నేర్పితే ఏమవుతుంది? దానికో లెక్కుంది.

మాడిన పాలగిన్నె చెప్పే పాఠం

జర్మన్ రసాయన నిపుణుడు హెర్బర్ట్ సిన్నర్ 1959లో ఆ లెక్క చెప్పాడు. ఏ మురికైనా వదలాలంటే నాలుగు కావాలి. రసాయనం, రాపిడి, వేడి, సమయం. నాలుగూ కలిస్తే ఒక పూర్తి వలయం. అందులో ఒకదాని వాటా తగ్గిస్తే, మిగతావాటి వాటా ఆ మేరకు పెరగాల్సిందే. శుభ్రత వృత్తిలో ఉన్నవాళ్లు దీన్ని 'సిన్నర్ వలయం' అంటారు.

ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే ఇది. పాలగిన్నె మాడిందనుకుందాం. రాత్రి నీళ్లు పోసి నానబెడితే, పొద్దున కాస్త రుద్దితే చాలు, మాడు ఊడి వస్తుంది. అప్పటికప్పుడే తోమాలంటే? పీచు కావాలి, పౌడరు కావాలి, భుజబలం కావాలి. తోమేసరికి చెయ్యి లాగేస్తుంది.

ఇప్పుడు ఒక పెద్ద ఆఫీసు భవనాన్ని ఊహించుకోవాలి. ఎనిమిది అంతస్తులు, ఎనిమిది మంది సిబ్బంది. కాంట్రాక్టు రేటు తగ్గించారు. ఎనిమిది మంది కాస్తా ఆరుగురయ్యారు. అంతస్తులు మాత్రం తగ్గలేదు. అంటే సమయం వాటా కోసేశారు. వేడినీళ్లు ఎలాగూ లేవు. ఇక మిగిలింది రెండే. గట్టిగా రుద్దడం, ఘాటైన యాసిడ్ పొయ్యడం. నేల ఎప్పటిలాగే మెరుస్తుంది. మేనేజరుకు తేడా కనిపించదు. కోసేసిన సమయం తాలూకు బాకీని తీర్చేది మాత్రం ఆ అక్క మోచెయ్యి, నడుము, ఊపిరితిత్తులు.

శుభ్రత పనిలో ఎంత పొదుపు చేశామన్నది ఒక్కటే చూస్తే చాలదు. ఆ పొదుపు ఎవరి ఒంట్లోంచి వచ్చిందన్నదీ చూడాలి. మంచి బృందాన్ని నడపడమంటే... మనిషి ఒంటి మీద భారం వేయకుండా సమయం మిగల్చడం. అది సాధ్యమే. ఎలాగంటే...

ఎవరికి ఏ పని?

పని పంచడంలో రెండు పద్ధతులున్నాయి. మొదటిది, అంతస్తుకొకరు. చెత్తబుట్ట ఖాళీ చేయడం నుంచి మరుగుదొడ్డి కడగడం దాకా ఆ అంతస్తులో అన్నీ ఆ మనిషే చూసుకోవాలి. రెండోది, పనికొకరు. అమెరికాలో దీన్ని 'టీమ్ క్లీనింగ్' అంటారు. నలుగురు ఒక జట్టు. ఒకరు చెత్తబుట్టలు, బల్లల దుమ్ము చూస్తారు. ఒకరు వ్యాక్యూమ్ యంత్రం పట్టుకుంటారు. ఒకరు మరుగుదొడ్లు. నాలుగో మనిషి అద్దాలు, లాబీ, తడి మాప్, చెత్త మూటలు కిందికి చేర్చడం. నలుగురూ ఒక అంతస్తు ముగించి పై అంతస్తుకు వెళతారు.

లెక్క చూడండి. అంతస్తుకొకరైతే ఎనిమిది వ్యాక్యూమ్ యంత్రాలు కావాలి. ఎనిమిది చోట్ల యాసిడ్ సీసాలుండాలి. ఎనిమిది మందికీ వాటి వాడకం నేర్పాలి. ఎనిమిది మందినీ రెండు జట్లు చేస్తే రెండు యంత్రాలు చాలు. ఘాటు రసాయనాలు ఇద్దరి చేతుల్లోనే ఉంటాయి. ఆ ఇద్దరికీ మంచి గ్లోవ్స్, కళ్లద్దాలు, గట్టి బూట్లు కొనడానికి మిగిలిన డబ్బులో కొంత సరిపోతుంది. ఖర్చు తగ్గింది, ప్రమాదమూ తగ్గింది.

కానీ ఇందులోనూ ఓ చిక్కుంది. రోజంతా ఒకే పని చేస్తే ఒకే కండరం అరుగుతుంది. యంత్రం నెట్టే మనిషికి భుజం, మాప్ పట్టే మనిషికి నడుము. మన దేశంలో ఇంకో పెద్ద చిక్కు. మరుగుదొడ్ల పని ఎప్పుడూ ఒకే మనిషికి, ఒకే వాడ నుంచి వచ్చినవాళ్లకు అంటగట్టేయడం. 'ఆ పని వాళ్లే చేస్తారులే' అన్న మాట ఆఫీసు మెట్ల కింద ఇప్పటికీ వినిపిస్తుంది. అందుకే జట్టులో పనులు వారం వారం మారాలి. అన్ని పనులూ అందరికీ నేర్పాలి. అప్పుడు భుజానికీ విశ్రాంతి, మనసుకూ గౌరవం. పైగా ఒకరు సెలవు పెడితే పని ఆగదు.

సెలవంటే గుర్తొచ్చింది, ఒకరు రానిరోజే అసలు పరీక్ష. మిగతావాళ్లు ఆ పని కూడా లాగాలని పరుగెడతారు. తడినేల మీద పరుగు, చెయ్యి అందని చోటికి కుర్చీ ఎక్కడం... అన్నీ ఆరోజే. మంచి సూపర్‌వైజర్ దగ్గర ముందే ఒక చీటీ ఉంటుంది. ఒకరు తగ్గితే ఈరోజుకు ఏ పని ఆపేయాలి? అద్దాలు రేపు తుడవొచ్చు. మరుగుదొడ్లు మాత్రం ఈరోజే కడగాలి. ఆ నిర్ణయం సూపర్‌వైజర్ తీసుకోకపోతే, ఆ భారమంతా కింది మనిషి మీద పడుతుంది.

ముందు చల్లి... తర్వాత కడిగి

క్రిములను చంపే మందు చల్లిన వెంటనే తుడిచేస్తే దాని పని అది చేయదు. డబ్బా మీద రాసినంత సేపు తడిగా ఉండాలి. కొన్నింటికి 10 నిమిషాల దాకా పడుతుంది. తొందరలో ఉన్న మనిషి చల్లి, వెంటనే రుద్ది, మరక పోలేదని ఇంకాస్త పోస్తాడు. పద్ధతి తెలిసిన మనిషి ముందు అన్ని గదుల్లోనూ చల్లుతాడు. అది నానేలోపు చెత్తబుట్టలు ఖాళీ చేస్తాడు, సబ్బు నింపుతాడు, అద్దం తుడుస్తాడు. తిరిగొచ్చేసరికి మురికి మెత్తబడి ఉంటుంది. రెండుసార్లు రుద్దితే చాలు. సిన్నర్ చెప్పిన 'సమయం' వాటా ఇక్కడ ఉచితంగా దొరికింది!

మిగతా వరసా అంతే. పైనుంచి కిందికి, ఎందుకంటే దుమ్ము కిందికే పడుతుంది. పొడి పని ముందు, తడి పని తర్వాత. తక్కువ మురికి నుంచి ఎక్కువ మురికికి. లోపలి మూల నుంచి తలుపు వైపు. నడవాలో మాప్ పెట్టేటప్పుడు సగం వెడల్పే తడపాలి. అది ఆరాక మిగతా సగం. జనం పొడి నేల మీద నడుస్తారు, ఎవరూ జారిపడరు, తుడిచిన నేల మీద అడుగులూ పడవు.

బకెట్ సంగతి కూడా చూడాలి. 15 లీటర్ల నీళ్లంటే 15 కిలోలు. షిఫ్టులో పదిసార్లు మార్చితే 150 కిలోలు ఎత్తినట్టు. అంతా వంగి ఎత్తేదే. అందుకే చాలా ఆస్పత్రుల్లో మైక్రోఫైబర్ మాప్‌లు వచ్చాయి. గదికొక తడి గుడ్డ తగిలించి, గది అయ్యాక దాన్ని తీసి లాండ్రీ సంచిలో వేస్తారు. మోయాల్సిన నీళ్లు తగ్గాయి, పిండే పని తప్పింది. ఒక గది మురికి ఇంకో గదికి చేరడమూ ఆగింది.

ఎర్రగుడ్డ వంటింట్లోకి రాకూడదు

మరుగుదొడ్డి తుడిచిన గుడ్డతోనే క్యాంటీన్ బల్ల తుడిస్తే? తలుచుకుంటేనే ఒళ్లు జలదరిస్తుంది. తొందరలో ఎవరికీ తెలియకుండానే జరిగే పొరపాటు అది. దీనికి మందు రంగులు. బ్రిటన్‌లో జాతీయ ఆరోగ్య సేవల ఆస్పత్రులకు 2007లో ఒక రంగుల పట్టిక ఇచ్చారు. బాత్రూమ్‌లకు ఎరుపు. మామూలు గదులకు నీలం. వంటగదికి ఆకుపచ్చ. అంటురోగులను విడిగా ఉంచే గదులకు పసుపు. గుడ్డ, మాప్, బకెట్, గ్లోవ్స్ అన్నీ ఆ రంగులోనే. చదువు రాకపోయినా, భాష తెలియకపోయినా రంగు తెలుస్తుంది. రాష్ట్రం కాని రాష్ట్రం నుంచి వచ్చి పనిచేసే సిబ్బందికి ఇంతకన్నా సులువైన బోర్డు లేదు.

మన ఆస్పత్రుల్లో ఒక జాగ్రత్త కావాలి. చెత్త డబ్బాలకు కూడా రంగులున్నాయి. 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నియమాల ప్రకారం పసుపు, ఎరుపు, తెలుపు, నీలం. వాటి అర్థాలు వేరు. గుడ్డల రంగు, డబ్బాల రంగు ఒకటి కాదని మొదటి రోజే నేర్పకపోతే గందరగోళమే. ఆ నియమాలే ఇంకో మాట కూడా చెబుతున్నాయి. ఆ చెత్తను ముట్టుకునే ప్రతి ఒక్కరికీ హెపటైటిస్-బి, ధనుర్వాతం టీకాలు వేయించాలి. చెత్త సంచిని చేత్తో అదమకూడదు. ఒంటికి ఆనించి మోయకూడదు. లోపల ఎక్కడో ఒక సూది ఉంటే... అది చెప్పి గుచ్చుకోదు కదా!

రెండు సీసాలు కలిస్తే...

ఇళ్లలోనూ ఆఫీసుల్లోనూ కనిపించే రెండు వస్తువులు యాసిడ్, బ్లీచింగ్ పౌడర్. విడివిడిగా రెండూ పనికొచ్చేవే. రెండూ కలిపితే ఇంకా తెల్లబడుతుందని కొందరి నమ్మకం. కలిస్తే వచ్చేది క్లోరిన్ వాయువు. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915లో, బెల్జియంలోని ఈప్ర దగ్గర జర్మన్ సైన్యం శత్రువుల మీదికి వదిలింది దీన్నే.

క్లోరిన్ గాలికన్నా బరువు. కిందనే పేరుకుంటుంది. సరిగ్గా ఆ కిందనే, కిటికీ కూడా సరిగా లేని గదిలో, గొంతుక్కూర్చుని రుద్దుతుంటుంది పని మనిషి. కళ్లు మండుతాయి, దగ్గు ఆగదు, ఊపిరి అందదు. ఎక్కువైతే ప్రాణమే పోవచ్చు. అమ్మోనియా ఉండే అద్దాల ద్రావణాన్ని బ్లీచ్‌తో కలిపినా విషవాయువే వస్తుంది.

అందుకే రసాయనాల గదికి మూడు కట్టుబాట్లు. ఒకటి, దేనిలోనూ ఏదీ కలపకూడదు, నీళ్లు తప్ప. అదీ నీళ్లలో యాసిడ్ పోయాలి కానీ యాసిడ్‌లో నీళ్లు పోయకూడదు. పోస్తే ఒక్కసారిగా మరిగి మొహం మీదికి చిమ్ముతుంది. రెండు, కొలత గిన్నె ఉండాలి. 'కాస్త ఎక్కువ పోస్తే బాగా పోతుంది' అన్న అంచనాతో డబ్బూ పోతుంది, చర్మమూ పోతుంది. మూడు, కూల్‌డ్రింక్ సీసాల్లో, మంచినీళ్ల సీసాల్లో ఎప్పుడూ యాసిడ్ పోసి ఉంచకూడదు. దాహం వేసిన మనిషి లేబుల్ కోసం వెతకడు.

ఎత్తులో... లోతులో

హైదరాబాద్‌లో మాదాపూర్, గచ్చిబౌలి వైపు వెళితే అద్దాల మేడల మీద తాళ్లకు వేలాడుతూ తుడిచేవాళ్లు కనిపిస్తారు. అక్కడ చూడాల్సింది ఒకటే. తాళ్లు రెండున్నాయా? పని తాడు ఒకటి, ప్రాణపు తాడు ఒకటి. రెండూ వేర్వేరు చోట్ల కట్టి ఉండాలి. ఒకే కొక్కేనికి రెండు తాళ్లూ కడితే, ఆ కొక్కెం ఊడినప్పుడు రెండూ పోయినట్టే. గాలి ఎక్కువైతే పని ఆపే అధికారం పైన వేలాడే మనిషికే ఉండాలి, కింద గడియారం చూసే మనిషికి కాదు.

లోతు ఇంకా ప్రమాదం. హోటళ్లు, అపార్ట్‌మెంట్ల సెప్టిక్ ట్యాంకుల్లో హైడ్రోజన్ సల్ఫైడ్ పేరుకుంటుంది. మొదట కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తుంది. మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి ఆ వాసనే తెలియదు. వాసన పోయింది కదా అని దిగినవాడు పడిపోతాడు. అతణ్ని లాగుదామని దిగిన అన్నో తమ్ముడో కూడా పడిపోతాడు. ఒక ట్యాంకు దగ్గర ఇద్దరు, ముగ్గురు పోయారన్న వార్తల వెనుక ఉన్నది తరచూ ఇదే. మంచినీళ్ల సంపు కూడా తక్కువది కాదు. దాని లోపల ఇంజన్ పంపు పెట్టి నడిపితే పొగలోని కార్బన్ మోనాక్సైడ్ వాసన కూడా లేకుండా చంపేస్తుంది.

రక్షణ సామగ్రి ఇవ్వకుండా ఇలా మనిషిని దించడాన్ని 2013 చట్టం నేరమంది. ఇలా చనిపోయినవారి కుటుంబానికి 10 లక్షల పరిహారం ఇవ్వాలని 2014లో, దాన్ని 30 లక్షలకు పెంచుతూ 2023లో సుప్రీంకోర్టు తీర్పులిచ్చింది. హైదరాబాద్‌లో ఇరుకు గల్లీల్లోకి కూడా వెళ్లగల చిన్న జెట్టింగ్ యంత్రాలను 2017లో ప్రవేశపెట్టారు. మిగతా పనులన్నింటికీ పద్ధతులున్నాయి. ఈ పనికి మాత్రం ఒకటే పద్ధతి. మనిషి దిగకపోవడం.

చూస్తేనే మనిషి

మళ్లీ టోక్యోకు వెళదాం. 2005లో తెరువో యాబే అనే రైల్వే అధికారి టెస్సెయ్ బాధ్యతల్లోకి వచ్చినప్పుడు అక్కడ ఈ మెరుపు లేదు. శుభ్రం చేసేవాళ్లంటే ఎవరి కంటా పడకుండా పని చేసుకుపోవాల్సిన వాళ్లు. అప్పటిదాకా రైల్వే భద్రతలో పనిచేసిన యాబే, ముందుగా వాళ్లను కనిపించేలా చేశాడు. కొత్త రంగుల యూనిఫాం వచ్చింది. ఎవరు ఏ మంచి పని చేశారో తోటివాళ్లే గమనించి రాసే 'ఏంజెల్ రిపోర్ట్' మొదలైంది. పని ఎలా మెరుగవుతుందో సిబ్బందినే అడిగారు. ఏ సీటు దగ్గర చెయ్యి ఇరుక్కుంటుందో, ఏ చీపురు పొట్టిగా ఉందో రోజూ పట్టుకునే మనిషికి తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది?

భద్రతకూ ఈ కనిపించడానికీ సంబంధం ఉంది. అందరూ వెళ్లిపోయాక రాత్రిపూట, ఏసీ ఆపేసిన భవనంలో ఒంటరిగా పనిచేసే మనిషికి ఏమైనా అయితే చూసేవాళ్లుండరు. అందుకే కొన్ని దేశాల్లో శుభ్రత పనిని పగటిపూటకు మార్చుతున్నారు. లైట్ల ఖర్చు తగ్గుతుంది. అర్ధరాత్రి ప్రయాణం తప్పుతుంది. ఆఫీసువాళ్లకూ బల్ల మీది కప్పు ఎవరు తీస్తున్నారో తెలుస్తుంది. ఎవరో తెలిశాక, కప్పు వదిలి వెళ్లడానికి కాస్త మొహమాటం వేస్తుంది!

ఇంటి గడప దగ్గర...

శుభ్రత బృందం అంటే ఎక్కడో పెద్ద ఆఫీసుల సంగతే కాదు. ప్రతి అపార్ట్‌మెంట్‌కూ ఒక బృందం ఉంటుంది. సొసైటీ మీటింగులో నెలవారీ మెయింటెనెన్స్ గురించి గంటసేపు వాదించుకునేవాళ్లు ఈ ప్రశ్నలకు పది నిమిషాలు కేటాయిస్తే చాలు.

• కాంట్రాక్టు రేటు తగ్గిస్తే మనుషులు తగ్గుతారా? అప్పుడు ఏ పని మానేయాలో రాసి ఇచ్చారా?

• మెట్లు, మరుగుదొడ్లు, చెత్త... వేటికి ఏ రంగు గుడ్డ?

• రసాయనాల సీసాల మీద తెలుగులో పేరుందా? తాళం ఉన్న అరలో ఉన్నాయా?

• గ్లోవ్స్ చిరిగితే కొత్తవి అడగగానే వస్తాయా? లేక 'వచ్చే నెల చూద్దాం' అంటున్నారా?

• సంపు, సెప్టిక్ ట్యాంకుకు యంత్రమే వస్తుందా?

• పనివాళ్లు కూర్చోడానికి, అన్నం తినడానికి, చేతులు కడుక్కోడానికి చోటుందా? లిఫ్టు వెనుక మెట్ల కిందేనా?

ఆఖరి ప్రశ్నకు సమాధానం తెలియకపోతే కిందికి వెళ్లి, 'అక్కా, అన్నం ఎక్కడ తింటావ్?' అని అడిగితే సరి. ఆమె చూపించే చోటును బట్టి మిగతా ప్రశ్నల జవాబులు కూడా చాలావరకు తెలిసిపోతాయి.